దాచిన సొమ్మునకు కావలి
(బ్యాంకుల పతనములు, వానినుండి పుట్టిన కట్టుబాట్లు: ఒక చారిత్రక పరిశీలన)

ధనము గడించుట కష్టము. గడించిన ధనమును కాచుకొనుట అంతకన్న కష్టము అని పెద్దలు చెప్పుదురు. వర్షము కొరవడిన సీమలో పుట్టి పెరిగినవారికి ఈ మాటలోని సత్యమును వేరుగా బోధింపనక్కరలేదు. గాండ్లపెంట పరిసరములలో వేరుసెనగ నాలుగేండ్లకొకసారి చక్కగా పండును. ఆ ఒక్క పంటలో మిగిలిన రూకలతో మిగతా మూడేండ్లను నెట్టుకొనిరావలెను. బిడ్డ పెండ్లి చేయవలెను. బావి పూడిక తీయించవలెను. పాత అప్పు తీర్చవలెను. అట్టి సొమ్ము ఒక్క రూపాయి పోయినను అది కేవలము రూపాయి పోవుట కాదు, ఒక సంవత్సరపు చెమట పోవుట.

పూర్వము ఈ ప్రాంతపు రైతు తన మిగులును ధాన్యరూపమున పాతరలో దాచెను. స్త్రీలు మెడలోని బంగారముగా దాచిరి. కొందరు గోడలో గూడు చేసి వెండిరూకల కుండను కప్పి పెట్టిరి. మరికొందరు నమ్మకస్థుడైన సాహుకారు చేతిలో పెట్టి చీటి వ్రాయించుకొనిరి. పాతరకు చెమ్మ భయము, బంగారమునకు దొంగ భయము, సాహుకారు చీటికి సాహుకారు దివాలా భయము. ఈ భయములన్నింటికి విరుగుడుగా వచ్చిన ఏర్పాటే బ్యాంకు. అయితే బ్యాంకునకును ఒక భయము కలదు. ఆ భయము ఎట్టిది, అది మన దక్షిణదేశములో ఎన్నిమార్లు నిజమైనది, ప్రతి పతనము తరువాత ఏ కట్టుబాటు పుట్టినది అను విషయములను తెలిసికొనుట ప్రతి గృహస్థునకును అవసరము.

చెరువు, తూము, నీరుగంటి

బ్యాంకు అనగా ఇనుపపెట్టె యని సామాన్యులు తలచుచుందురు. నూరు రూపాయలు ఇచ్చినచో ఆ నూరును పెట్టెలో పెట్టి తాళము వేసి, అడిగిననాడు తిరిగి ఇచ్చునని భావింతురు. అది నిజము కాదు. పెట్టెలో పడియున్న సొమ్మునకు వడ్డీ పుట్టదు. బ్యాంకు మన సొమ్మును వేరొకనికి అప్పుగా ఇచ్చి, వానివద్ద హెచ్చు వడ్డీ పుచ్చుకొని, అందులో కొంత మనకిచ్చి, మిగిలినది తన ఖర్చులకును లాభమునకును ఉంచుకొనును.

దీనిని ఊరి చెరువుతో పోల్చవచ్చును. నలుదిక్కుల వాగులు, వంకలు తెచ్చిన నీరు చెరువులో చేరును. ఆయకట్టు రైతులందరికిని అందులో హక్కు కలదు. కాని ఒక్కనాడే అందరి మళ్ళకును నీరు పెట్టుటకు ఏ చెరువును చాలదు. వంతుల ప్రకారము పారించిన యెడల అందరికిని సరిపోవును. కట్ట తెగునను వదంతి పుట్టి, అందరును ఒక్కసారిగా పారలు పట్టుకొని తూము వద్దకు పరుగెత్తినచో, బాగుగా నున్న చెరువు కూడ ఆనాడే పాడగును. బ్యాంకు విషయమును ఇట్లే. డిపాజిట్టుదారులు అడిగిన క్షణమున సొమ్ము ఇయ్యవలెను; కాని బ్యాంకు ఇచ్చిన అప్పులు మాత్రము సంవత్సరములకు గాని తిరిగిరావు. ఈ రెండు కాలములకు నడుమగల అంతరమే బ్యాంకు వ్యాపారములోని మూలప్రమాదము.

రెండవ ప్రమాదము ఇంతకన్న గొప్పది. ఇచ్చిన అప్పు అసలే తిరిగి రాకపోవచ్చును. అట్టి నష్టమును మొదట భరింపవలసినది బ్యాంకు యజమానులు పెట్టిన మూలధనము. మూలధనము పలుచనైన కొలదియు నష్టము డిపాజిట్టుదారుల మీదికి వచ్చును. మూడవ ప్రమాదము మనుష్యుని స్వభావమునకు సంబంధించినది. ఒరుల సొమ్ము చేతిలో నున్నప్పుడు, లాభము వచ్చిన తనది, నష్టము వచ్చిన ఒరులది యను ధైర్యముతో సాహసములు చేయబుద్ధి పుట్టును. అందుచేతనే చెరువునకు నీరుగంటి యెట్లో, బ్యాంకులకు ఒక కావలివాడు అట్లు అవసరము. ఈ సత్యమును మన దేశము పుస్తకములు చదివి నేర్చుకొనలేదు. దెబ్బలు తిని నేర్చుకొన్నది.

1906: అర్బత్నాట్ కంపెనీ పతనము

ఇరువదవ శతాబ్ది ఆరంభమున కదిరి తాలూకా కడప జిల్లాలో నుండెను. 1910లో గాని అనంతపురము జిల్లాలో చేరలేదు. జిల్లా యేదైనను రాజధాని మాత్రము చెన్నపట్టణమే. ఉన్నత న్యాయస్థానము, విశ్వవిద్యాలయము, పెద్ద వర్తకము అన్నియు అచ్చటనే. తెలుగు జిల్లాల విద్యావంతులకు, ఉద్యోగులకు, వర్తకులకు అన్ని దారులును ఆ నగరమునకే పోవుచుండెను.

ఆనాటి చెన్నపురిలో ప్యారీ, బిన్నీ, అర్బత్నాట్ అను మూడు ఆంగ్ల వర్తక సంస్థలు ప్రఖ్యాతములు. ఇందులో అర్బత్నాట్ కంపెనీ వర్తకముతో పాటు బ్యాంకు పనియు చేయుచుండెను. శతాబ్దకాలపు పేరు, దొరల యాజమాన్యము, సముద్రతీరమున గొప్ప భవనము, బిరుదు పొందిన యజమాని: ఇన్ని ఉండగా శంకించువాడెవడు? ఉద్యోగము చాలించుకొన్నవారు, వితంతువులు, వకీళ్ళు, గుమాస్తాలు, ధర్మసంస్థలవారు తమ సొమ్మును అచ్చట దాచుకొనిరి. ప్రభుత్వమువారి బ్యాంకెంతయో అర్బత్నాట్ అంతయే యని జనులు నమ్మిరి.

1906వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీ సోమవారమునాడు ఆ సంస్థ చెల్లింపులు నిలిపివేసెను. లండనులో దీనితో ముడివడియున్న వ్యాపారమును నడపుచుండిన భాగస్వామి పేట్రిక్ మాక్‌ఫేడియన్ అంతకు రెండు దినములకు ముందు రైలుక్రింద పడి ఆత్మహత్య చేసికొనెను. అతడు ఎన్నో యేండ్లుగా స్పెక్యులేషను వ్యాపారములలో సొమ్ము పోగొట్టుచుండెను. ఆ నష్టములను పూడ్చుటకై చెన్నపట్టణపు డిపాజిట్లు సముద్రముల నవతలికి తరలిపోవుచుండెను. తమ సంస్థ అప్పులు తీర్చలేని స్థితిలో నున్నదని తెలిసియు చెన్నపురిలో కొత్త డిపాజిట్లు పుచ్చుకొనుట మానలేదు. పాతవారికి ఇయ్యవలసిన సొమ్ము కొత్తవారివద్ద పుచ్చుకొనుట! పైకి భవనము చెక్కు చెదరలేదు. లోపల దూలములకు చెద పట్టి యుండెను.

రుణదాతలు సుమారు ఏడువేలమంది. వీరిలో అధికసంఖ్యాకులు భారతీయులు. జీవితకాలము కూడబెట్టిన సొమ్ము పోయి వీధినబడిన కుటుంబములు ఎన్నియో. సంస్థయొక్క ప్రధాన యజమాని సర్ జార్జి అర్బత్నాట్ విచారణకు గురియై 1907లో పదునెనిమిది మాసముల కఠిన కారాగారశిక్ష పొందెను. తెల్లదొర, అందులోను బిరుదాంకితుడు, డిపాజిట్టుదారులను మోసగించిన నేరమునకై చెరసాలకు పోవుట ఆనాటి జనులకు అబ్బురముగా తోచెను. కాని శిక్ష వలన న్యాయము నిలిచినదే తప్ప సొమ్ము తిరిగిరాలేదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనదగును: దోషి చెరసాలకు పోయినంత మాత్రమున పోయిన సొమ్ము పెట్టెలోనికి రాదు.

ఆ పతనమునాడు లోపించినది యేమి? సంస్థయొక్క లెక్కలను పరీక్షించు అధికారి లేడు. బ్యాంకు పనికిని వర్తకమునకును నడుమ గోడ లేదు. కనీసము ఇంత మూలధనము ఉండవలెననిగాని, డిపాజిట్లలో ఇంత భాగము నగదుగా ఉంచవలెననిగాని నిబంధన లేదు. పేరు ఒక్కటే హామీ. ఆ పేరు ఒక్క దినములో పోయెను.

బూడిదనుండి మొలకలు

ఆ దుఃఖమునుండి పుట్టిన మొదటి మేలు ఇండియన్ బ్యాంకు. రుణదాతల పక్షమున పాటుపడిన ప్రసిద్ధ న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యరు, పరులు నడుపు సంస్థలను నమ్మి చెడుటకన్న మన సొమ్మును మనమే కాచుకొనుట మేలని తలచి, మిత్రులను కూడగట్టెను. 1907 మార్చి 5వ తేదీన ఇండియన్ బ్యాంకు రిజిస్టరు కాబడి, ఆ సంవత్సరమే ఆగస్టు 15వ తేదీన పని ఆరంభించెను. స్వదేశీ ఉద్యమపు వేడి ఆ కాలమున దేశమంతట వ్యాపించియుండుట దానికి బలమిచ్చెను.

గ్రామములవైపున అంతకుముందే వేరొక ప్రయత్నము మొదలై యుండెను. చెన్నరాజధానిలో రైతుల అప్పుల దురవస్థను పరిశీలించిన ఫ్రెడరిక్ నికల్సన్, జర్మనీ దేశమున రైఫైజెన్ అను మహనీయుడు నెలకొల్పిన గ్రామ పరపతి సంఘముల పద్ధతియే మనకును తగినదని తన నివేదికలో సూచించెను. దాని ఫలితముగా 1904లో సహకార పరపతి సంఘముల శాసనము వచ్చెను. ఈ పద్ధతిలోని కిటుకు సామాన్యమైనది: ఒక ఊరిలో ఎవని నడవడి యెట్టిదో ఆ ఊరివారికే తెలియును, కావున అప్పు ఎవనికి ఇయ్యదగునో వారే నిర్ణయింపవలెను, నష్టము వచ్చిన వారే భరింపవలెను. తన సొమ్ము పోవునను భయమున్నవాడే ఇతరుని అప్పును జాగ్రత్తగా తూచును.

తెలుగువారి బ్యాంకు కొంత ఆలస్యముగా వచ్చెను. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 1923 నవంబరు 20వ తేదీన రిజిస్టరై, 28వ తేదీన పని మొదలిడెను. చెల్లించిన మూలధనము ఒక్క లక్ష రూపాయలు. దేశసేవకులు బ్యాంకు పెట్టుటయేమి యని నాడు కొందరు ఆశ్చర్యపడియుండవచ్చును. కాని స్వరాజ్యము కోరువానికి తన సొమ్ముపై తనకు అధికారముండవలెననుట సహజమైన ఆలోచనయే. ఆ లక్షతో మొదలైన సంస్థ దాదాపు నూరేండ్లు తన పేరుతో నిలిచి, 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను.

మరల మరల తెగిన కట్టలు

దేశీయులు పెట్టినంత మాత్రమున బ్యాంకు క్షేమమని తలచుటయు పొరపాటే. స్వదేశీ ఉత్సాహములో పుట్టిన బ్యాంకులు అనేకములు 1913, 1914 సంవత్సరములలో కూలిపోయెను. లాహోరులోని పీపుల్సు బ్యాంకు, బొంబాయిలోని ఇండియన్ స్పీషీ బ్యాంకు అందులో పేరుమోసినవి. ఆ రెండేండ్లలో మూతబడిన బ్యాంకులు యాబదికి పైగా నుండెను. మూలధనము కొంచెము, ఆశ హెచ్చు. దీర్ఘకాలపు అప్పులు, తక్షణపు బాధ్యతలు. కొన్నిచోట్ల సరకుల ధరలపై జూదము. దోషములు పాతవియే, పేర్లు మాత్రము కొత్తవి.

1935 ఏప్రిలు 1వ తేదీన రిజర్వు బ్యాంకు పని ఆరంభించెను. బ్యాంకులకు బ్యాంకు, దేశపు నాణెమునకు కాపరి. అది వచ్చుటతో ప్రమాదములు తొలగునని జనులు ఆశించిరి. మూడేండ్లు తిరిగిన కొద్దికాలమునకే ఆ ఆశకు పరీక్ష వచ్చెను. తిరువాన్కూరు నేషనల్ బ్యాంకును క్విలన్ బ్యాంకును 1937లో కలిసి ఒకే బ్యాంకై దక్షిణదేశమున శాఖోపశాఖలుగా విస్తరించియుండెను. 1938 జూన్ మాసమున అది మూతబడెను. ఆ సంస్థాన దివానునకును బ్యాంకు యాజమాన్యమునకును గల వైరము దానిని కూల్చినదని కొందరు, దాని అప్పులలోని బలహీనతయే కూల్చినదని కొందరు నేటికిని వాదింతురు. వాదము ఎట్లున్నను, ఒకదానిపై పరుగు ఆరంభము కాగానే చెన్నపురి రాజధానిలోని ఇతర బ్యాంకులవద్దను జనులు గుమిగూడిరి. ఒక ఇంట నిప్పు పుట్టిన పక్క ఇంటి పూరికప్పు తప్పించుకొనునా?

రిజర్వు బ్యాంకు అప్పటికి దేశమున ఉండెను. కాని దానిచేతిలో కఱ్ఱ లేదు. బ్యాంకుల లెక్కలను తానుగా తనిఖీ చేయుటకు, తగని బ్యాంకునకు లైసెన్సు నిరాకరించుటకు చట్టము లేదు. ఈ లోపమును గుర్తించి 1939లోనే రిజర్వు బ్యాంకు ఒక ప్రత్యేక శాసనమునకు ప్రతిపాదనలు పంపెను. యుద్ధము, స్వాతంత్ర్యము, దేశవిభజన గడచిన తరువాత గాని అవి ఫలింపలేదు. 1949 మార్చి 16వ తేదీనుండి బ్యాంకింగు కంపెనీల శాసనము అమలులోనికి వచ్చెను.

ఆ శాసనము చేసిన పనిని నాలుగు మాటలలో చెప్పవచ్చును. లైసెన్సు లేనిదే బ్యాంకు నడపరాదు. కనీస మూలధనము ఉండితీరవలెను. డిపాజిట్లలో నిర్ణీతభాగము నగదు, బంగారము, ప్రభుత్వ పత్రములవంటి సులభముగా మారెడి రూపములో ఉంచవలెను. రిజర్వు బ్యాంకు ఎప్పుడు కోరిన అప్పుడు లెక్కలు చూడవచ్చును. ఇంతేకాక, బ్యాంకు తానుగా సరకుల వర్తకము చేయరాదనియు కట్టడి చేసెను. 1906నాడు అర్బత్నాట్ విషయమున లోపించినవి ఏవియో, నలుబది మూడేండ్ల తరువాత వ్రాయబడినవి అవియే. శాసనమునకు సిరా పండితులదైనను, మూల్యము చెల్లించినది మాత్రము సొమ్ము పోగొట్టుకొన్న సామాన్యులు.

1960: పలై బ్యాంకు, తరువాతి బీమా

కావలివాడు వచ్చినను దొంగతనములు ఒక్కనాట ఆగవు. 1960 ఆగస్టు 8వ తేదీన కేరళములోని పెద్ద బ్యాంకులలో ఒకటియైన పలై సెంట్రల్ బ్యాంకును మూయింపుమని రిజర్వు బ్యాంకు అచ్చటి ఉన్నత న్యాయస్థానమును కోరవలసివచ్చెను. ఆ బ్యాంకు అప్పులలో పెక్కు చెడినవని తనిఖీలవలన ముందే తెలియును. త్వరపడి మూసిన భీతి పుట్టును, ఆలసించిన నష్టము పెరుగును. కావలివానికి కలుగు ఈ ధర్మసంకటమునకు నేటివరకును సులభమైన పరిష్కారము దొరకలేదు.

కాని ఈసారి దేశము త్వరగా మేలుకొన్నది. బలహీనమైన బ్యాంకుపై కొంతకాలము చెల్లింపులు ఆపి, దానిని బలమైన దానితో కలుపుటకు అధికారమిచ్చు సవరణ 1960లోనే జరిగెను. 1951లో 566గా నుండిన వాణిజ్య బ్యాంకుల సంఖ్య 1969 నాటికి నూటికి లోబడినది. చిల్లర మడుగులు తగ్గి పెద్ద చెరువులు మిగిలెను.

రెండవ పని ఇంకను ముఖ్యమైనది. అమెరికా దేశమున 1930 తరువాతి ఆర్థిక సంక్షోభమున వేలకొలది బ్యాంకులు కూలగా, 1933లో డిపాజిట్టు బీమా పద్ధతి అచ్చట శాసనమయ్యెను. ఆ మార్గమున మన దేశమును 1961లో శాసనము చేసి, 1962 జనవరి 1వ తేదీనుండి డిపాజిట్టు బీమా కార్పొరేషనును నెలకొల్పెను. బీమా రుసుము చెల్లించునది బ్యాంకు, డిపాజిట్టుదారుడు కాదు. నాడు ఒక్కొక్క డిపాజిట్టుదారునకు రక్షణ 1,500 రూపాయలవరకు. అది క్రమముగా పెరిగి 1993 మే 1 నుండి లక్ష రూపాయలును, 2020 ఫిబ్రవరి 4 నుండి అసలును వడ్డీయును కలిపి ఐదు లక్షల రూపాయలును అయ్యెను. ఒకే బ్యాంకులో అనేక శాఖలయందు సొమ్ము ఉన్నను, ఒకని పేరిట ఒకే హోదాలో ఉన్నదంతయు కలిపియే లెక్కింతురు. బ్యాంకుపై ఆంక్షలు విధించిన తొంబది దినములలో బీమా సొమ్ము అందవలెనని 2021లో సవరణ చేసిరి.

ఈ బీమాలోని గుణము కేవలము పోయిన సొమ్ము ఇచ్చుట కాదు. తన సొమ్మునకు హామీ కలదని తెలిసినవాడు వదంతి విని తూమువద్దకు పరుగెత్తడు. పరుగు లేనిచో బాగుగానున్న బ్యాంకు నిష్కారణముగా కూలదు. అనగా బీమా అనునది రోగమునకు మందు మాత్రమే కాక, రోగము వ్యాపింపకుండ అడ్డుకట్టయు అయినది.

పల్లెకు వచ్చిన బ్యాంకు

ఇంత జరిగినను పల్లెకు బ్యాంకు దూరముగానే నుండెను. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలన ప్రకారము, రైతుల అప్పులో వడ్డీ వ్యాపారుల వాటా నూటికి సుమారు డెబ్బది; సహకార సంఘముల వాటా మూడు; వాణిజ్య బ్యాంకుల వాటా ఒకటి కూడ నిండలేదు. 1969 జూలై 19వ తేదీన పదునాలుగు పెద్ద బ్యాంకులను, 1980 ఏప్రిలు 15వ తేదీన ఆంధ్రా బ్యాంకుతో సహా మరి ఆరింటిని ప్రభుత్వము జాతీయము చేసిన తరువాత గాని శాఖలు పల్లెదారి పట్టలేదు. అనంతపురము జిల్లాలో సిండికేటు బ్యాంకు ప్రాయోజకత్వమున 1979లో శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు ఏర్పడెను. అది 2006లో రాయలసీమ, పినాకిని గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకై, 2025 మే 1వ తేదీనుండి రాష్ట్రమునందలి ఇతర గ్రామీణ బ్యాంకులతో కూడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారెను. పేర్లు మారినవి; పాసుపుస్తకములోని సొమ్ము మాత్రము చెక్కుచెదరక కొత్త పేరుక్రిందికి వచ్చినది. 1906నాడు సంస్థ పేరు పోగా సొమ్మును పోయెను. 2025లో పేరు పోయినను సొమ్ము నిలిచెను. నడుమ నూటపందొమ్మిది యేండ్లలో దేశము కట్టిన కట్ట అది.

తెలుగునాట జరిగిన రెండు ముచ్చటలు

కట్ట ఉన్నంత మాత్రమున దానిని చూచుకొనుట మానరాదని ఇటీవలి చరిత్రయే చెప్పుచున్నది. హైదరాబాదు కేంద్రముగా 1994లో పుట్టిన గ్లోబల్ ట్రస్టు బ్యాంకు కొద్దికాలములోనే మిక్కిలి పేరు గడించెను. వాటాల బజారులోని దళారులకును, ఆ బజారుతో ముడిపడిన వ్యాపారములకును విస్తారముగా అప్పులిచ్చి, 2001లో ఆ బజారు పడిపోగా తానును చిక్కుబడెను. నష్టములు లెక్కలలో వెంటనే వెల్లడి కాలేదు. 2004 జూలై 24వ తేదీన దానిపై చెల్లింపుల నిలుపుదల విధింపబడెను. ఒక్కొక్కరు పదివేల రూపాయలకు మించి తీసికొనరాదనిరి. బ్యాంకు తలుపులవద్ద జనులు గుమిగూడిరి. కాని మూడు వారములలోనే, ఆగస్టు 14వ తేదీన, అది ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్సులో విలీనము చేయబడెను. డిపాజిట్టుదారులకు పూర్తి సొమ్ము దక్కినది. వాటాదారులకు ఏమియు దక్కలేదు. మూలధనము పెట్టినవాడు మొదట నష్టపడవలెను, సొమ్ము దాచుకొన్నవాడు చివర నష్టపడవలెను అను ధర్మము అచ్చట చక్కగా పాటింపబడినది.

అదే కాలమున, 2001లో కృషి సహకార పట్టణ బ్యాంకును, పిదప చార్మినార్ సహకార పట్టణ బ్యాంకును కూలినప్పుడు మాత్రము డిపాజిట్టుదారులు మిక్కిలి అవస్థపడిరి. సహకార బ్యాంకునకు ఇద్దరు యజమానులు. రిజిస్ట్రేషను, ఎన్నికలు, పాలకవర్గము సహకార శాఖ రిజిస్ట్రారు పరమై యుండగా, బ్యాంకు వ్యవహారము మాత్రమే రిజర్వు బ్యాంకు పరమై యుండెను. ఇద్దరు కాపరులున్న మందను తోడేలు సులభముగా పట్టును. ఈ లోపమును కొంత సవరించుచు సహకార బ్యాంకులపై రిజర్వు బ్యాంకు అధికారములను 2020లో పెంచిరి.

ఇక బ్యాంకు పేరే లేని సంస్థల సంగతి. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ స్థలములు, లాభములు చూపి పల్లెపల్లెన ఏజెంట్లద్వారా సొమ్ము వసూలు చేసెను. 2014 తరువాత అది చెల్లింపులు చేయలేక కూలినప్పుడు నష్టపడినవారు లక్షలసంఖ్యలో నుండిరి. అది బ్యాంకు కాదు గనుక డిపాజిట్టు బీమా వర్తింపలేదు. చిన్న మొత్తములు పెట్టినవారికి 2019లో రాష్ట్రప్రభుత్వము ప్రజాధనమునుండి చెల్లింపవలసివచ్చెను. ఏజెంటు మనవాడే, బంధువే, అతడును మోసపోయినవాడే. బంధుత్వము నమ్మకమునకు కారణము కావచ్చును గాని హామీ కాజాలదు. ఇట్టి అనధికార వసూళ్ళను నిషేధించుచు కేంద్రమున 2019లో శాసనము వచ్చెను.

చరిత్ర చెప్పు మాట

ఈ నూటిరువది యేండ్ల కథలో గ్రహింపదగినవి కొన్ని కలవు. మొదటిది, పతనములన్నింటికిని పోలిక యొకటే. గొప్ప పేరు, హెచ్చు వడ్డీ, దాచిన లెక్కలు, పాతవారికి కొత్తవారి సొమ్ము. అర్బత్నాట్ భవనమునందును అదియే, మన కాలపు రంగుకాగితముల రశీదులందును అదియే. రెండవది, కట్టుబాట్లు ఎల్లప్పుడును దెబ్బ తగిలిన పిదపనే వచ్చినవి. కావున రాబోవు ప్రమాదమునకు నేటి కట్టుబాటు చాలునని ఎవరును చెప్పజాలరు. 2008లో అమెరికాలోని లేమన్ బ్రదర్సు కూలినప్పుడు, మిక్కిలి తెలివిగలవారును గ్రహింపని ప్రమాదములు ఉండునని లోకమంతయు చూచినది.

మూడవది పల్లెవాసులకు మిక్కిలి అక్కరకు వచ్చునది. సొమ్ము పెట్టుచోటు ఎట్టిదో తెలిసి పెట్టవలెను. వాణిజ్య బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు, సహకార బ్యాంకులకు డిపాజిట్టు బీమా కలదు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలోని డిపాజిట్లకు ఆ బీమా లేదు. చీటీలకు 1982 నాటి చిట్టు ఫండుల శాసనము వేరుగా నున్నది. రిజిస్టరు కాని చీటీకి ఆ రక్షణయు లేదు. సహకార సంఘము చెడ్డదని దీని అర్థము కాదు. దానికి కావలి బీమా కాదు, సభ్యుల కన్నే. సర్వసభ్య సమావేశమునకు పోనివాడు, లెక్క చదువమని అడుగనివాడు తన చెరువు కట్టను తానే విడిచిపెట్టినవాడగును.

అందుచే ప్రతి గృహస్థుడును మూడు ప్రశ్నలు వేయుట అలవరచుకొనవలెను. ఈ సంస్థకు లైసెన్సు ఎవరిచ్చిరి? దీని డిపాజిట్లకు బీమా కలదా? ఇతరులకన్న హెచ్చు వడ్డీ ఇచ్చుచున్న యెడల ఆ హెచ్చు ఎచ్చటనుండి వచ్చుచున్నది? ఈ మూడింటికిని తిన్నని జవాబు చెప్పలేని చోట కానుగచెట్టు నీడలో కూర్చున్నంత సేపైనను సొమ్ము ఉంచరాదు.

గాండ్లపెంట అను పేరులోనే గానుగ పట్టు గాండ్లవారి వృత్తి ధ్వనించును. గింజ పోసినవాడు గానుగ ప్రక్కన నిలిచి తన నూనెను తాను చూచుకొనుట పూర్వాచారము. గానుగవాడు దొంగ యని కాదు. చూచు కన్నున్నచోట తూకము సరిగా నుండునని. బ్యాంకు విషయమునను అదియే నీతి. చూచుటకు కన్ను కావలెను. కన్నునకు చదువు కావలెను. ఆ చదువును చేరువ చేయుటకే గ్రంథాలయము ఊరి నడుమ వెలసినది. పాసుపుస్తకములోని వ్రాతను తానే చదువుకొనగల రైతును, రశీదు వెనుకనున్న చిన్న అక్షరములను బిడ్డచేత చదివించుకొని అర్థముచేసికొనగల గృహిణియు ఉన్న ఊరిలో మోసము నిలువలేదు. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాచిన గ్రంథాలయము, ఆ పుస్తకముల ద్వారా ఊరివారి కష్టార్జితమును సైతము కాచునుగాక!